కడిగితే పోయేది కాదు

మురుగునీటితో పండిన కూరగాయల మాట ఎత్తగానే సిద్ధంగా ఉండే సలహా ఒకటుంది: శుభ్రంగా కడిగి, బాగా ఉడికించి తింటే ఏమీ కాదని. కోనసీమలో దానికి ఇంకో ధీమా తోడవుతుంది. ఆ బెడద హైదరాబాదువాళ్ళది, మనవి గోదావరి నీళ్ళు, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళే తోటకూరకు మూసీ కూరలతో పోలికేమిటి అని. సలహాలోనూ ధీమాలోనూ కొంత నిజముంది. ఆ కొంతే పూర్తి నిజంగా చలామణి అవుతోంది.

కడిగితే పోయేవి ఉన్నాయి: మట్టి, పురుగు గుడ్లు, ఆకుమీద వాలిన సీసపు దుమ్ము. ఉడికిస్తే క్రిములు చస్తాయి. మురుగుతో వచ్చే కాడ్మియం అనే లోహం అలా లొంగదు. వేరు పీల్చిన నీటితో పాటే మొక్కలోకి ఎక్కి ఆకులో చేరుతుంది. పాలకూర, తోటకూరల వంటివి మిగతా కూరలకన్నా దాన్ని ఎక్కువగా తీసుకుంటాయి. అందుకే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఆకుకూరల్లో కాడ్మియం కిలోకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదని హద్దు పెట్టింది. ఒకసారి మూత్రపిండాల్లో చేరితే అందులో సగం బయటికి పోవడానికే 10 నుంచి 30 ఏళ్ళు పడుతుంది.

జపాన్‌లో బియ్యం కడగకుండా వండే ఇల్లు ఉంటుందా? అయినా తొయామా ప్రాంతంలో, జింజు నది ఒడ్డు పల్లెల్లో, ఎముకలు పెళుసెక్కి విరిగి జనం నొప్పితో మెలికలు తిరిగారు. పైనున్న కమియోకా గని నుంచి వచ్చిన కాడ్మియం నదిలోకి, నదిలోంచి వరిమళ్ళలోకి చేరింది. 'ఇతాయ్ ఇతాయ్' అని పేరుపడిన ఆ జబ్బుకు కారణం కాలుష్యమేనని ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

మూసీ కథ మనకు దగ్గరిది. అనంతగిరి కొండల్లో పుట్టిన ఆ నది హైదరాబాదు దాటేసరికి మురుగు కాలువే. కత్వల (చిన్న ఆనకట్టల) దగ్గర నిలిచిన ఆ నీళ్ళతో దిగువ రైతులు వరి, పశుగ్రాసం, ఆకుకూరలు పండిస్తున్నారు. తప్పు వారిదని వేలెత్తిచూపడం తేలిక. కానీ ఏడాది పొడవునా పారే నీళ్ళు వారికి అవే, అందులో నత్రజని, భాస్వరం ఉన్న మాటా నిజమే. ఇళ్ళ మురుగులో లోహాలు తక్కువ. లోహపు పూతల కర్మాగారాలు, బ్యాటరీలు కరిగించే కొట్లు, రంగుల పరిశ్రమలు తమ నీళ్ళను అదే నాలాలోకి వదిలినప్పుడే ఎరువు విషమవుతుంది. అక్కడ ఆపాల్సినదాన్ని వంటింటి కుళాయి కింద ఆపమనడం సలహా కాదు, బాధ్యతను ఇల్లాలి నెత్తిన రుద్దడం.

ఇక గోదావరి ధీమా. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలతో పాడైన నక్కవాగు కలిసేది మంజీరలో, మంజీర కలిసేది గోదావరిలో. పటాన్‌చెరు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ విషం ధవళేశ్వరం బ్యారేజీ దాకా వచ్చేసరికి ఎంతో పలచబడుతుంది, కాదనలేం. అయితే బ్యారేజీకి ఎగువనే రాజమండ్రి ఉంది, ఆ ఊరి మురుగూ నదిలోనే కలుస్తుంది. బ్యారేజీ దాటాక కాలువ గట్ల మీది ఊళ్ళు తమ వంతు కలుపుతాయి. అన్నీ మోసుకొచ్చిన నీళ్ళు చివరికి చేరేది సఖినేటిపల్లి వంటి శివారుకే. అంతమాత్రాన ఇక్కడి కూరలు విషమని ఎవరైనా అంటే అది తొందరపాటు. పరీక్షించకుండానే భేషని అనడమూ అంతే తొందరపాటు.

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగు మట్టిని, నీళ్ళు వదిలాక శివారు నీటిని, ఆ గట్ల మీది తోటకూరను ఏటా పరీక్షించాలి. సీసం, కాడ్మియం, క్రోమియం అంకెలు పంచాయతీ గోడమీద రాయాలి. అంకె హద్దు దాటితే ఎగువన ఏ గొట్టం నుంచి వచ్చిందో వెతికి, మూసివేత నోటీసు ఆ గొట్టం యజమానికి ఇవ్వాలి, కూర పండించిన రైతుకు కాదు.