పలుపు ఎవరూ ఎరుగని మాటా?

మొన్న ఖురియాత్ విహారానికి వెళ్ళినప్పుడు వాదీ దైఖా ఆనకట్ట దగ్గర మనవాళ్ళు ఆడిన మాటలాట మీద మాకు తగువుంది. ఆ రోజే చెప్పవలసింది; పులిహోర పొట్లాలు విప్పే వేళయిందని ఊరుకున్నాము. ఇప్పుడు చెబుతున్నాము.

ఆట కొత్తదేమీ కాదు. ఎవరూ ఎరుగని మాటను ఒకరు నిఘంటువులోంచి తీస్తారు. తక్కినవాళ్ళు దానికి నమ్మదగిన దొంగ అర్థాలు రాసి ఇస్తారు. అసలు అర్థాన్ని వాటిలో కలిపి చదువుతారు. నిజాన్ని పట్టినవారికి ఒక మార్కు, తన అబద్ధాన్ని నమ్మించినవారికి ఇంకో మార్కు. ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. 1984లో కెనడాలో దానికి బాల్డర్‌డాష్ అని పేరు పెట్టి పెట్టెల్లో అమ్మడం మొదలుపెట్టారు. దాన్ని తెలుగులో ఆడిద్దామన్నవారి ఉద్దేశం మంచిదే.

మా తగువు చీటీలతో. ఏతం, కవ్వం, గరిసె, కలుజు, పలుపు - ఇవీ ఆనాటి 'ఎవరూ ఎరుగని' మాటలు! పలుపు అంటే "పాలను విరిచే పులుపు" అని ఒకరు, "పలుమార్లు పిలిచే పిలుపు" అని ఒకరు రాశారు. ఓట్లన్నీ పిలుపుకే పడ్డాయి. పశువును కట్టే తాడుకు వచ్చింది ఒకే ఒక్క ఓటు. ఆ ఒక్కటీ మాలో ఎవరిదీ కాదని ఒప్పుకుంటున్నాము.

పిలుపు రాసిన పిల్లను మేము తప్పుపట్టడం లేదు. పలు అంటే ఏమిటో, దాన్ని పిలుపుకు ఎలా అతకాలో తెలుసు కనుకే అందరినీ మోసగించింది. తెలుగు రాని పిల్ల ఆ అబద్ధం ఆడలేదు.

మరి తప్పు ఎక్కడుంది? చాప మీద ఉంది. విజిటు వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు ఏడెనిమిది మంది ఆ చాప మీద కూర్చుని సామానుకు కాపలా కాశారు. వాళ్ళను ఆటలోకి పిలవలేదు. ఎందుకయ్యా అంటే "వాళ్ళకు అన్నీ తెలుసు, ఆట రక్తి కట్టదు" అన్నారు. ఎంత మాట! గేదెకు పలుపు విప్పి, కట్టి, పాలు అమ్మి మనలో కొందరిని ఇంజనీరింగు చదివించినవాళ్ళు పక్కనే ఉండగా అది ఎవరూ ఎరుగని మాట ఎలా అయింది? నవ్వులు విని "ఏమిటర్రా?" అని ఒక పెద్దావిడ అడిగితే "ఏం లేదమ్మా, ఆట" అన్నది మేమే.

తెనాలి రామకృష్ణుడి కథ అందరికీ తెలుసు. దిగ్విజయానికి వచ్చిన పండితుడి ముందు పట్టుబట్టలో చుట్టిన కట్ట ఒకటి పెట్టి, ఇది తిలకాష్ఠ మహిషబంధనం అన్నాడట. అలాంటి గ్రంథం పేరే వినలేదని ఒప్పుకోలేక ఆయన రాత్రికి రాత్రే మూట సర్దుకున్నాడు. విప్పితే ఏముంది? నువ్వుకట్టెలు, వాటిని కట్టిన గేదె పలుపు. ఆ పండితుణ్ణి బెదరగొట్టింది సంస్కృతం. పలుపు అని ఉంటే నవ్వి కూర్చునేవాడు. మనల్ని బెదరగొట్టడానికి ఆ పలుపే చాలుతోంది.

"పోనీ, ఆటలోనైనా తెలుగు మాట చెవిన పడింది కదా" అంటారు. పడింది. ఒక్క ముక్కలో అర్థం చదివి తరవాతి చీటీకి పోయారు. పలుపు దేనితో పేనుతారో, ముడి ఎలా వేస్తారో ఎవరూ అడగలేదు. ఒమానులో ఫలజ్ కాలువ నీటిని అథర్ల లెక్కన, అంటే సుమారు అరగంట వంతులుగా, పంచుకుంటారు. ఆ అథర్ అనే మాటను చీటీ మీద రాసి, ఖర్జూర తోట రైతును దూరంగా కూర్చోబెట్టి, మనం దొంగ అర్థాలు చదువుకుని నవ్వుతామా?

ఆట మానమనడం లేదు. ఎరుగని మాటలే కావాలంటే 1885 నాటి శబ్దరత్నాకరం ఉంది. మన తాతలకూ తెలియనివి అందులో కొల్లలు. పొలం మాటలు కావాలంటే భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ సంపుటం ఉంది. దానికోసం ఊళ్ళకు వెళ్ళి రైతులనే అడిగారు. వాళ్ళకు అన్నీ తెలుసని పక్కన కూర్చోబెట్టలేదు.

వచ్చేసారి అర్థం చదివే పని పెద్దలది. అబద్ధాలూ వాళ్ళనే చెప్పనివ్వండి. మనకంటే బాగా చెబుతారు. అంత ఆనకట్టకు ఎదురుగా కూర్చుని కలుజు అంటే ఏమిటో చెప్పలేకపోయాము కదా! నిండిన చెరువులో మిగులు నీరు పొర్లిపోయే చోటది. నెల్లూరువారు కలుజు అనగానే, కాదు అలుగు అని కొందరు, మత్తడి అని తెలంగాణవారు లేస్తారు. లేవనివ్వండి. చీటీలు మేము తెస్తాము. చాప మాత్రం వద్దు. పెద్దలకు మడత కుర్చీలు తేగలవారు ముందుగా పేర్లు ఇవ్వండి.