'అలాగే అయ్యగారూ' అన్న మాట వెనుక



ఈ వారం నా తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతాను. కొన్నేళ్ల క్రితం మా మందిరానికి రేకులు తీసి శ్లాబు వేయాలనుకొన్నాను. కుటుంబానికి పదివేలు చొప్పున లెక్క వేసి సంఘస్థులను కూర్చోబెట్టాను. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగితే అందరూ "అలాగే అయ్యగారూ" అన్నారు. ప్రార్థించి, ఆమేన్ అని లేచాము. సంఘమంతా ఏకమనస్సుతో ఉందని ఆ రాత్రి దేవునికి కృతజ్ఞతలు చెల్లించాను.

తరువాతి రెండు ఆదివారాలు చాపల మీద ఖాళీలు కనబడ్డాయి. ఒకరికి జ్వరమన్నారు, ఒకరింటికి చుట్టాలొచ్చారన్నారు. మూడో వారం ఆరాధన అయ్యాక, కూలికి వెళ్లే ఒక అక్క గుమ్మం దగ్గర ఆగింది. "అయ్యగారూ, కోపపడొద్దు. ఈ ఏడు మిర్చి తోటలన్నీ పురుగు పట్టి పోయినై. కోతలే లేవు. పదివేలు ఎక్కడి నుంచి తెస్తాం? మీతో చెప్పలేక అందరూ మొహం చాటేస్తున్నారు" అంది.

నిజం ఒప్పుకొంటున్నాను, నాకు కోపమే వచ్చింది. దేవుని పనికి అడ్డు పడుతోందనుకొన్నాను. ఆ రాత్రి ఆమె మాటకు జవాబు వెతుకుతూ పడుకొన్నాను. ఒక్కటీ దొరకలేదు. ఆమె చెప్పింది నిజం గనుక.

మళ్లీ అందరం కూర్చున్నాము. ఈసారి "అభ్యంతరమా" అని అడగలేదు. "మీ మీ ఇళ్లకు ఇది ఎంత బరువో ఒక్కొక్కరు చెప్పండి, నేను చివర మాట్లాడతాను" అన్నాను. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. ముందు ఆ అక్కే మాట్లాడింది. ఆ తరువాత ఒక పెద్దాయన, వడ్డీకి అప్పు కోసం తిరుగుతున్నానని, ఇంట్లో కూడా చెప్పలేదని, ఆ దిగులుతో సరిగా నిద్ర పట్టడం లేదని చెప్పాడు. చెప్పాక ఆయన ముఖం తేటపడింది. చివరికి రేకులు బాగుచేయించి సరిపెట్టుకొన్నాము. ఒక యువకుడు మాత్రం శ్లాబే వేయాలని ఇప్పటికీ నాతో వాదిస్తాడు. ఒక్క ఆదివారం కూడా మానడు.

సోలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త 1950లలో అమెరికాలో ఒక పరీక్ష చేశాడు. ఒక గీతను చూపి, దానికి సమానమైనది ఈ మూడింటిలో ఏదో చెప్పమన్నాడు. పసివాడికీ తెలిసే జవాబే. అయితే గదిలో మిగిలినవారు ముందే మాట్లాడుకొని తప్పు జవాబు చెప్పేవారు. పరీక్షకు వచ్చినవారిలో నూటికి 75 మంది ఒక్కసారైనా ఆ తప్పుకే తల ఊపారు. కానీ గదిలో ఇంకొక్క మనిషి నిజం చెబితే చాలు, అలా లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. మా సంఘంలో ఆ ఒక్క మనిషి ఆ అక్క. ఆమె ధైర్యం పెద్దాయన నోరు తెరిపించింది.

ఇది లేఖనాల్లోనూ ఉంది. గలతీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయం చూడండి. అంతియొకయలో పేతురు మనుష్యుల భయంతో అన్యజనులతో భోజనం మానుకొన్నాడు. మిగతా యూదులూ అలాగే చేశారు. చివరకు బర్నబా కూడా వారి వెంట పోయాడు. పౌలు ఒక్కడే అందరి ముందు ముఖాముఖిగా అడిగాడు. దాంతో బంధం తెగిపోయిందా? రెండవ పేతురు పత్రిక చివరలో పౌలు పేరు ఎంత ప్రేమగా వస్తుందో చదవండి.

"నోరు విప్పనిస్తే సంఘం చీలిపోతుంది" అని కొందరు తోటి సేవకులు అంటారు. నా అనుభవంలో సంఘాన్ని చీల్చేది మన ఎదుట చెప్పిన మాట కాదు. మన ఎదుట చెప్పలేక వేపచెట్టు కింద గుసగుసలాడుకొన్న మాట. చెప్పలేని మాట లోపల ఉండి మనిషిని తినేస్తుంది. నోరు మూసుకొని ఉన్నన్నాళ్లు తన ఒళ్లు ఎలా నీరసించిందో దావీదు 32వ కీర్తనలో చెప్పుకొన్నాడు. అది పాపపు ఒప్పుకోలు గురించిన మాటే అయినా, లోపల దాచుకొన్న ఏ బరువైనా చేసేది అదే.

అయితే నిజాయితీ పేరుతో నలుగురిలో ఒకరి పరువు తీయడం వేరు. అందుకే ప్రభువు మత్తయి 18వ అధ్యాయంలో, తప్పు చేసిన సహోదరునితో ముందుగా ఒంటరిగా మాట్లాడమన్నాడు. ఆ అక్క చేసింది కూడా అదే.

కాపరులారా, "అలాగే" అన్న మాట విని మురిసిపోకండి. కాదనగల చోటు ఉన్నప్పుడే ఆ మాటకు విలువ. ఇంటి పెద్దలారా, ఈ రాత్రి భోజనాల దగ్గర మీ భార్యనో, కోడలినో, కొడుకునో అడగండి: "నాతో చెప్పలేక దాచుకొన్న మాట ఏమైనా ఉందా?" ఉందంటే వినండి. వెంటనే జవాబు చెప్పకండి. నాలాగే ఒక రాత్రి ఆ మాటతో పడుకోండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.