సిగ్గు ఎవరిది?

ఇటలీ దక్షిణాన మతేరా అని ఓ పాత కొండ పట్నం. అక్కడ మెత్తటి సున్నపురాయిని తొలిచి చేసుకున్న గుహ ఇండ్లు ఉన్నయి. ‘సాస్సి’ అంటారు, అంటే రాళ్లు. ఇప్పుడు పోయినోళ్లు టికెట్టు కొని ఓ గుహలో దూరి చూస్తారు. ఎత్తు మంచం, ఊయల, పక్కనే కంచరగాడిదను కట్టేసే చోటు. ఎంత బాగుందో అంటారు.

బాగుండటమా! అండ్ల బతికింది కూలోళ్లు, పేద రైతులు. ఒక్క గదిలోనే పిల్లలు, కోళ్లు, పంది. పైన మలేరియా. ఎందరు పసిబిడ్డలు పోయారో. ఫాసిస్టులు ఆ ప్రాంతానికి ప్రవాసం పంపిన కార్లో లేవి 1945లో పుస్తకం అచ్చేస్తేగానీ పెద్దమనుషులకు కండ్లు తెరుచుకోలేదు. అప్పుడు ‘దేశానికే సిగ్గు’ అన్నారు. సిగ్గు ఎవరిది? భూములు గుప్పిట్లో పెట్టుకున్నోనిదా, గుహలో పండుకున్నోనిదా?

1952లో చట్టం చేసి సుమారు 15 వేల మందిని ఖాళీ చేయించారు. గాలీ వెలుతురూ ఉన్న ఇండ్లు ఇచ్చారు, మంచిదే, కాదనను. కానీ ఒకే వాకిలి చుట్టూ బతికినోళ్లు తలోదిక్కయ్యారు.

జనం పోయినంక 1993లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వం అంది. 2019లో యూరప్ సాంస్కృతిక రాజధాని. ఇప్పుడు ఆ గుహల్లోనే ఖరీదైన హోటళ్లు. కూలోడుంటే సిగ్గు, కూలోడు పోతే వారసత్వం!

వాళ్లది మన వెలివాడ కాదు, అక్కడ అంటరానితనం లేదు. రెండూ ఒకటని నేననను. అయితే రాయి తొలిచి, వాననీళ్లకు తొట్లు చెక్కిన చేతులు ఎవరివి? వాళ్లు దున్నిన పంట ఎవరి గాదెకు పోయింది? పోయి చూసేవాళ్లు అక్కడ ముందు ఇవి అడగాలి.