సర్కసు డేరాకు నూతన నిర్మాణము

1768లో లండన్ నగరమున ఫిలిప్ ఆస్ట్లీ యను ఆశ్వికుడు, పరుగిడు గుఱ్ఱపు వీపుపై తడబడక నిలుచుటకు వలయాకారమగు బరి యనుకూలమని గ్రహించి ప్రదర్శనములకు పూనుకొనగా, అనంతరము స్థిరపడిన 42 అడుగుల వ్యాసమే నేటికిని సర్కసు రింగునకు ప్రమాణమై యున్నది. అనగా, ఈ కళకు కొలతలు నిర్ణయించినది గుఱ్ఱము. ఆ కొలతలను మనుష్యుని కనుగుణముగా మార్చుకొనవలసిన కాలము మన దేశమున వచ్చినదని నా దృఢవిశ్వాసము.

సింహము, పులి, చిఱుత, ఎలుగు, కోతి మున్నగువానిచే ప్రదర్శనములు చేయింపరాదని 1998లో కేంద్రప్రభుత్వము శాసింపగా, సర్వోన్నత న్యాయస్థానము 2001లో దానిని సమర్థించినది. బాలబాలికలను సర్కసులలో నియోగించుటను నిషేధింపవలెనని 2011లో ఆదేశించినది. ఈ రెండును ధర్మసమ్మతములు. అయితే బోనులు తొలగిన పిమ్మట సర్కసులలో పెక్కింటికి డేరా స్వరూపమును మార్చుకొను శక్తి లేకపోయెను. వెనుక గ్యాలరీలో కూర్చున్న బాలునకు ఊయలలపై ఎగురు కళాకారిణి ముఖము నేటికిని స్పష్టముగ కానరాదు.

మనుష్యదేహమే మహాద్భుతమని తెలుగువారి కొకరు చెప్పనక్కఱలేదు. విజయనగరమున సర్కసు స్థాపించిన కోడి రామమూర్తి నాయుడుగారు ఱొమ్ముపై ఏనుగు నెక్కించుకొనినపుడు, ప్రేక్షకులను నివ్వెఱపఱచినది ఆ ఱొమ్ము బలమే గదా! 1984లో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున జనించిన సర్క్ డ్యు సొలే సంస్థ, దీపకాంతిని, సంగీతమును, కథను మనుష్యుని చుట్టు నల్లి జగద్విఖ్యాతి గాంచినది. లారీలపై ఊరూర తిరుగుచు టిక్కెట్ల రాబడితో బ్రదుకు మన కంపెనీలు ఆ వైభవము ననుకరింపజాలవు. కాని రింగును కుదించి ఆసనములను దాపునకు జేర్చుటకును, విడివిడి ఫీట్లను ఒక్క కథాసూత్రమున గ్రుచ్చుటకును అపారధనము వలదు.

అలంకారముకంటె ముందు రక్షణము. 1981లో బెంగుళూరున సర్కసు డేరా అంటుకొని 90 మందికి పైగా, అందు పసివారే పెక్కుమంది, మరణించిరి. కావున సులభముగ అంటుకొనని గుడ్డయు, అన్ని దిక్కుల వెలుపలి దారులును, మజిలీ మజిలీకి ఇంజనీరు పరీక్షించిన మోకులును, వలలును, డేరా వెనుక కళాకారులకు శుభ్రమైన నివాసములును నూతన నిర్మాణమునకు పునాదులు కావలెను.

ఈ భారమంతయు యజమానులపైనే మోపుట న్యాయము కాదు. పురపాలకసంఘములు మైదానమును, నీటిని, విద్యుత్తును స్వల్పమగు రుసుమున కొసగి, ప్రతిగా ఈ నియమములను తప్పక పాటింపజేయవలెను. నాటకమునకు, సంగీతసభకు మన మిచ్చు ఆదరమున ప్రాణమొడ్డి యాడు ఈ కళాకారులకును భాగము గలదు. దానిని వారికి దయగా గాక, హక్కుగా నీయవలెను.