సెలవు దొరికినోళ్లకే పరిశోధనా?

ఫెలోషిప్ అంటే పైసలని చాలామంది అనుకుంటారు. పైసలు అందులో సగం కూడా కాదు. ఫెలోషిప్ అంటే తీరిక. ఏడాది పాటు క్లాసు లేదు, పేపర్లు దిద్దుడు లేదు, ఇన్విజిలేషన్ లేదు. ఒక గది, ఒక గ్రంథాలయం, చుట్టూ వేరే వేరే శాస్త్రాలు చదివిన మనుషులు. చరిత్రకారుడి పక్కన భూగర్భ శాస్త్రవేత్త, ఆయన పక్కన కవి. ఒకరి ప్రశ్న ఇంకొకరిని నిద్రపోనియ్యదు. పెద్ద పనులు అట్లాంటి చోట పుడతాయి.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1999లో ర్యాడ్‌క్లిఫ్ కాలేజీని తనలో కలుపుకొని ఆ పేరుతోనే ఇట్లాంటి సంస్థ పెట్టింది. ఏటా యాభై మంది దాకా అధ్యాపకులను, రచయితలను, కళాకారులను పిలిచి కూర్చోబెడుతున్నది. మన దేశంలో షిమ్లాలో, వైస్రాయి కట్టుకున్న భవనంలో, అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ పూనికతో 1965లో ఉన్నత అధ్యయన సంస్థ మొదలైంది. విశ్వవిద్యాలయాల, కాలేజీల అధ్యాపకులు వచ్చి చదువుకొని పోయేందుకు అక్కడ యూజీసీ ఒక అంతర విశ్వవిద్యాలయ కేంద్రాన్ని కూడా పెట్టింది.

మంచిదే. కాదనేది ఎవరు? అయితే ఆ తలుపు ఎవరికి తెరుచుకుంటుందో ఒక్కసారి చూడాలె.

ఉద్యోగంలో ఉన్న అధ్యాపకుడు ఏడాది ఫెలోషిప్‌కు పోవాలంటే సొంత విశ్వవిద్యాలయం సెలవియ్యాలె. యూజీసీ 2018 నిబంధనలు తీసి చదవండి. పరిశోధన కోసం ఇచ్చే సబాటికల్ సెలవు పర్మినెంటు, పూర్తికాలపు అధ్యాపకులకే. అది కూడా అసోసియేట్ ప్రొఫెసర్‌గానో ప్రొఫెసర్‌గానో ఏడేళ్లు చేసినంకనే. ఒక్కసారికి ఏడాది, మొత్తం సర్వీసులో రెండేళ్లు. కాంట్రాక్టు అధ్యాపకుడి మాట అందులో లేదు. పార్ట్‌టైమ్ అధ్యాపకుడి ఊసే లేదు.

అవే నిబంధనల్లో ఇంకో మాట ఉన్నది. కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో పది శాతం దాటొద్దు. వాళ్ల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గొద్దు. ఈ రెండు మాటలను మన విశ్వవిద్యాలయాల్లో ఎవరన్నా పట్టించుకున్నారా? సెలవు నిబంధన మాత్రం అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తారు. మనకు పనికొచ్చే నిబంధన కాగితం మీద, మనల్ని ఆపే నిబంధన గేటు దగ్గర!

నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతులు పగిలేటట్టు అరిచినం. 2009లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందర లాఠీలకు, బాష్పవాయువుకు ఎదురు నిలిచిన విద్యార్థులు అడిగింది ఆ మూడో మాటనే. 2014లో రాష్ట్రం వచ్చింది. తర్వాతి పదేళ్లలో అదే ఉస్మానియాలో సగానికి పైగా రెగ్యులర్ అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉండిపోయినయి. 2022లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లును శాసనసభ పాస్ చేస్తే అది రాజ్‌భవన్‌లో ఆగింది. బిల్లు తెచ్చినోళ్లు గవర్నర్‌ను తిట్టిన్రు, గవర్నర్ సందేహాలున్నయన్నరు. నడుమ నలిగింది ఎవరు? ఆ రోజు లాఠీలు తిని, తర్వాత పీహెచ్‌డీలు చేసి, పీరియడ్‌కు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే పైసలకు పాఠాలు చెప్పినోళ్లు.

ఈ ఖాళీల దెబ్బ పర్మినెంటు అధ్యాపకుడికీ తగులుతున్నది. శాఖలో మిగిలింది ఇద్దరే అనుకోండి. ఒకరు ఏడాది ఫెలోషిప్‌కు పోతానంటే శాఖాధిపతి సంతకం ఎట్లా పెడతాడు? పాఠం ఎవరు చెప్పాలె, గైడ్‌గా ఎవరు ఉండాలె? దరఖాస్తు టేబుల్ మీదనే నిద్రపోతుంది. నియామకాలు ఆపితే ఆగేది ఉద్యోగం ఒక్కటే కాదు, ఈ నేల మీద పరిశోధన కూడా ఆగుతుంది.

మన దగ్గర ఇట్లాంటి సంస్థ ఎన్నడూ లేదా? ఉండె! ఉస్మానియా క్యాంపస్‌లోనే 1964లో అమెరికన్ అధ్యయనాల పరిశోధనా కేంద్రం వెలిసింది. అమెరికా ప్రభుత్వ సొమ్ము, గొప్ప గ్రంథాలయం, సొంత జర్నల్. దేశమంతటి నుంచి అధ్యాపకులు గ్రాంటు మీద వచ్చి అమెరికా సాహిత్యం, చరిత్ర, రాజకీయాలు చదువుకొని పోయేది. ప్రచ్ఛన్న యుద్ధం అయిపోయింది, వాళ్ల అవసరం తీరింది, సొమ్ము తగ్గింది, పేరు మారింది. వాళ్ల గురించి మనం చదువుకునేందుకు వాళ్లు పైసలిచ్చిన్రు. మన గురించి మనం చదువుకునేందుకు పైసలు ఎవరియ్యాలె? అమెరికానా?

చదవాల్సింది తక్కువుందా? క్యాంపస్‌కు కూతవేటు దూరంలో తార్నాక ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఫారసీ, ఉర్దూ దస్తావేజులున్నయి. గొలుసుకట్టు చెరువులను ఇంజనీరు, చరిత్రకారుడు, నీరటికాడు కలిసి కూర్చుంటే తప్ప అర్థం చేసుకోలేం. నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి కూడా అంతే. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు, అది ఆఫ్రికా దాకా పోయింది. తయారు చేసింది మాత్రం నాగపూర్‌లోని నీరి సంస్థ. రోగం మనది, పేరు మనది, పరిశోధన ఇంకొకరిది!

పైసలు లేవంటారా? 1917లో నిజాం సర్కారు ఉస్మానియా కోసం అనువాద శాఖ పెట్టి, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించింది. మన తల్లిభాషను పక్కకు నెట్టిన రాజ్యమే అది, అయినా చదువుకు తీరిక కావాలనే సంగతి దానికి తెలుసు. మనం ఓట్లేసి తెచ్చుకున్న సర్కార్లకు ఆపాటి తెలివి ఉండొద్దా?

స్థాయి ఉండాలె గదా అని పెద్ద ప్రొఫెసర్లు అంటారు. స్థాయి ఎట్లా వస్తుంది సార్? వారానికి పదహారు గంటలు అసిస్టెంట్ ప్రొఫెసర్ పనిభారమని నిబంధన. పార్ట్‌టైమ్ మనిషి పొట్టకోసం రెండు మూడు కాలేజీలు తిరుగుతాడు. ఆయనకు పుస్తకం తెరిచే పొద్దు మీరు మిగిల్చిన్రా? తీరిక ఇయ్యకుండా స్థాయి అడుగుడు, నీళ్లియ్యకుండా పంట అడిగినట్టే.

అందుకే మన డిమాండ్లు మూడు. ఖాళీ పోస్టులన్నీ నింపాలె. ఉస్మానియాలో, కాకతీయలో సర్కారు సొమ్ముతో అన్ని శాస్త్రాలు కలిసే పరిశోధనా సంస్థలు పెట్టాలె. వాటి ఫెలోషిప్‌లలో సగం కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులకు, జిల్లాల డిగ్రీ కాలేజీల లెక్చరర్లకు జీతంతో సహా ఇయ్యాలె, తిరిగొచ్చేదాకా వాళ్ల కొలువుకు హామీ ఉండాలె.

ఉద్యోగ సంఘాలు పీఆర్‌సీ పక్కన ఈ మాట కూడా రాసుకోవాలె. విద్యార్థి సంఘాలు స్కాలర్‌షిప్ బకాయిల పక్కన రాసుకోవాలె. మన చరిత్ర మనం రాసుకుంటామని ఊరూరా చెప్పినోళ్లం మనమే. రాసే మనిషికి కూర్చునే జాగ అడుగుడు కూడా మన పనే.