తొలి కాయ ఎవరికి?

ఉక్కునగరం క్వార్టర్ల పెరట్లో ఒక్క ఆనపపాదు కాపుకొస్తే ఇంటిల్లిపాదీ తిన్నా మిగులుతుంది. గాజువాక బజారులో అమ్మితే నాలుగు డబ్బులొస్తాయి, అందులో పాపమేమీ లేదు. అయితే పొలం ఓరలను, పరిగెను బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని దేవుడు ఆజ్ఞాపించాడు (లేవీ. 19:9,10). బోయజు ఇంకో అడుగు ముందుకు వేశాడు. రూతును అవమానపరచవద్దని, ఆమె కోసం పిడికెళ్లు కావాలనే జారవిడవమని పనివారికి చెప్పాడు (రూతు 2:15,16).

మరి మనమో? లేతవి మనకు, ముదిరి గింజ కట్టినవి పక్కింటికి!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పందిళ్లను కూల్చినప్పుడు డబ్బున్నవారూ కూర కోసం వెతుక్కున్నారు. విశాఖ విశ్వాసులు అది మరువలేదు కదా!

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక తొలి కాయ కోసి, ఒడిశా నుంచి పనికొచ్చి మీ వీధిలో అద్దెకున్న కుటుంబానికి ఇవ్వండి. బదులుగా వారు చేపల పులుసు పంపితే కాదనకండి.