సర్కారు సంతకానికి ఆషాఢం లేదు

కొన్నేళ్ల కిందట ఒక మతాంతర వివాహానికి సాక్షిగా రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లాను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ముగ్గురు సాక్షులు కావాలి. నేను మూడోవాణ్ని. నోటీసు అంటించి 30 రోజులు దాటింది. అభ్యంతరాలేవీ రాలేదు. అధికారి కాగితాలన్నీ తిరగేసి, "ఆషాఢం వెళ్లనివ్వమ్మా. ఈ నెలలో పెళ్లి సంతకం నా చేత్తో పెట్టలేను. శ్రావణంలో రండి, శుభమా అని చేసేద్దాం" అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు, లంచం ఆశ లేదు. పిల్లల మంచి కోరే అంటున్నారు. అమ్మాయి మాత్రం చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ గుమ్మం వైపే చూస్తోంది. ఆమె పేరు, ఇంటి చిరునామా నెల రోజులుగా బయట నోటీసు బోర్డు మీదే ఉన్నాయి. "మాకు ఇంకో నెల లేదు సార్" అంది.

ఆషాఢంలో పెళ్లి వద్దన్న మాట వెనక తొలకరి పనులున్నాయని పెద్దలు చెబుతారు. ఇంటిల్లిపాదీ పొలంలో ఉండాల్సిన రోజులవి. కారణం ఏదైనా, ఆ నెల పేరే వినని కోట్లమంది అదే రోజుల్లో పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, సుఖంగానే కాపురాలు చేస్తున్నారు. అయినా ఆ అధికారి తన ఇంట్లో ఆషాఢం పాటిస్తానంటే కాదనను. రాజ్యాంగం 25వ అధికరణ ఆయనకిచ్చిన హక్కు అది. కానీ ఆ కుర్చీ ఆయన ఇల్లు కాదు. వధూవరులకు జీవించి ఉన్న భర్త గానీ భార్య గానీ ఉండకూడదు, సమ్మతి తెలపగల మానసిక స్థితి ఉండాలి, అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి, నిషిద్ధ బంధుత్వం ఉండకూడదు. చట్టం ఆయన్ని చూడమన్నవి ఇవే. అందులో తిథి లేదు, మాసం లేదు, మతం లేదు. పైగా నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికి రావాలి.

ఈయన మెత్తగా చేసిన పనే అమెరికాలో ఒక అధికారి బాహాటంగా చేశారు. 2015 జూన్ 26న అక్కడి సుప్రీంకోర్టు స్వలింగ జంటలకు వివాహ హక్కు ఉందని తీర్పు చెప్పింది. కెంటకీ రాష్ట్రం రోవన్ కౌంటీలో పెళ్లి లైసెన్సులు ఇచ్చే బాధ్యత కిమ్ డేవిస్ అనే క్లర్కుది. ప్రజలు ఎన్నుకున్న పదవి. తన క్రైస్తవ విశ్వాసం ఒప్పుకోదంటూ ఆమె అసలు ఏ జంటకూ లైసెన్సు ఇవ్వడం మానేశారు. ఇమ్మని కోర్టు ఆదేశించినా వినలేదు. ఎవరి అధికారంతో ఆపుతున్నారని కౌంటరు దగ్గర అడిగితే, దేవుడి అధికారంతో అన్నారు. సెప్టెంబరు 3న కోర్టు ధిక్కారం కింద జైలుకు పంపారు. మర్నాడే డిప్యూటీ క్లర్కులు అక్కడే లైసెన్సులు ఇచ్చారు. ఆమె ఐదు రోజులు జైల్లో ఉన్నారు. 2023లో జ్యూరీ ఒక జంటలో ఒక్కొక్కరికి 50,000 డాలర్ల చొప్పున పరిహారం కట్టమంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆమె అప్పీలును విచారణకే తీసుకోలేదు.

ఆమెను ప్రార్థన మానమని ఎవరూ అనలేదు, చర్చికి వెళ్లొద్దని ఎవరూ ఆపలేదు. లైసెన్సు మీద క్లర్కు పెట్టే సంతకం ఆశీర్వాదం కాదు. చట్టం అడిగినవన్నీ సరిపోయాయని చెప్పే ధ్రువీకరణ, అంతే.

మరి అధికారికి మనస్సాక్షి ఉండకూడదా అని అడుగుతారు. ఉండాలి. అయితే దాని ఖరీదు ఎవరు కడుతున్నారో చూడాలి. తెల్లదొరల కొలువు చేయడానికి మనసొప్పని సుభాష్ చంద్రబోస్ 1921లో ఐసీఎస్‌కే రాజీనామా ఇచ్చారు. 1990లో బెల్జియం రాజు బోదువాన్ గర్భస్రావ చట్టం మీద సంతకం చేయడానికి తన కాథలిక్ విశ్వాసం అడ్డొస్తోందన్నారు. అప్పుడు మంత్రివర్గం ఆయన పాలించలేని స్థితిలో ఉన్నారని ప్రకటించి, తానే సంతకం చేసి చట్టం తెచ్చింది. మర్నాడు పార్లమెంటు ఆయన్ని తిరిగి గద్దె మీద కూర్చోబెట్టింది. రాజంతటివాడి నమ్మకం కోసమూ చట్టం ఆగలేదు. బోస్ తన కొలువు వదులుకున్నారు. కిమ్ డేవిస్ జీతమూ కుర్చీ అట్టే పెట్టుకుని, నమ్మకం భారాన్ని గుమ్మంలో నిలబడ్డవాళ్ల నెత్తిన వేశారు.

మన మంత్రులు కొందరు దైవసాక్షిగా, కొందరు ఆత్మసాక్షిగా ప్రమాణం చేస్తారు. ఆ ఒక్క మాట తర్వాత మిగతా వాక్యాలన్నీ అందరికీ ఒకటే. విధేయత రాజ్యాంగానికే. దేవుణ్ని తలచినవారికీ అక్కడ ఆయన సాక్షి మాత్రమే.

ఆ రోజు మేము గొడవ పడలేదు. ఒక తెల్లకాగితం అధికారి ముందు పెట్టి, "ఆషాఢం కాబట్టి ఈ పెళ్లి నమోదు చేయనని రాసివ్వండి సార్, చాలు" అన్నాం. ఆయన పెన్ను మూత తీశారు. కాసేపు కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు. అంతసేపు ఆలోచించినా తన కారణం ప్రభుత్వ ముద్ర కింద రాయదగ్గదిగా ఆయనకు కనిపించలేదు. కాగితం పక్కకు జరిపి, రిజిస్టరు దగ్గరికి లాక్కుని, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నారు.